మూణ్ణాళ్ళ ముచ్చట – ఇండియన్ ఓపెన్ స్నూకర్

స్నూకర్ దొరల ఆట, మనకెందుకులే అనే మిత్రులకు ముందుగా ఒక మాట. ఈ ఆట పుట్టింది మన జబల్పూరులోనే. 1875లో నెవిల్ చేంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి బిలియర్డ్స్ బల్ల మీదికి రంగు బంతులు చేర్చడంతో మొదలైందని చెబుతారు. అలాంటి దేశంలో, ప్రపంచ ర్యాంకింగుకి లెక్కకొచ్చే ప్రొఫెషనల్ పోటీ కోసం 2013 దాకా ఆగాల్సొచ్చింది!

అదే ఇండియన్ ఓపెన్. ఢిల్లీలో జరిగిన మొదటి పోటీలోనే మన ఆదిత్య మెహతా ఫైనల్‌కి వచ్చాడు. ర్యాంకింగ్ పోటీలో అంతదాకా వెళ్ళిన తొలి భారతీయుడతనే. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 5-0తో ఓడాడనుకోండి, అది వేరే సంగతి.

2015లో ముంబయిలో మైకేల్ వైట్ గెలిచాడు. 2016లో పోటీ మన హైదరాబాదుకొచ్చింది. కప్పు ఆంథొనీ మెక్‌గిల్‌ది. 2017లో విశాఖపట్నంలో అదే మెక్‌గిల్‌ని జాన్ హిగ్గిన్స్ 5-1తో ఓడించాడు. 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్ నెగ్గాడు. అంతటితో సరి!

ఎందుకు నిలవలేదు? నాకు తోచింది చెబుతాను. ఐదు పోటీలకి ఐదు ఊళ్ళు. 2014, 2018 ఖాళీ. ప్రపంచ చాంపియన్‌షిప్ చూడండి, 1977 నుంచి షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్నే అంటిపెట్టుకుని ఉంది. ఆ ఊరికి ఆట, ఆటకి ఊరు అలవాటయ్యాయి. మన దగ్గర ఒక ఏడు చూసి ముచ్చటపడ్డ కుర్రాడు మరుసటేడు వెదికితే పోటీ ఇంకో ఊళ్ళో ఉంది, లేదా అసలే లేదు. మొక్కని ఏటా పీకి వేరేచోట నాటితే వేరు పట్టేదెప్పుడు?

పోయింది కప్పు కాదు. విదేశాలకి వెళ్ళే ఖర్చు లేకుండా, సొంతగడ్డ మీద మేటి ఆటగాళ్ళకి ఎదురునిలిచే అవకాశం మన కుర్రాళ్ళకి పోయింది.