మనస్సు చదివి ఊరికి మరలుటకు త్రోవ యేది?

విజయనగర ప్రభువైన కృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని వశపరచుకొనిన పిమ్మట ఆ దుర్గపాలనమును వహించినవారిలో నొకడును, మహామంత్రి తిమ్మరుసునకు మేనల్లుడును నగు నాదిండ్ల గోపమంత్రి, రాజ్యభారమును మోయుచునే తీరిక చేసికొని, కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమునకు ‘చంద్రిక’ యను సంస్కృతవ్యాఖ్యను రచించెననుట మన పల్నాటివారు తరచుగా తలచుకొనని సంగతి. ఆయన యింటిపేరు, నేడు పల్నాడు జిల్లాలో చిలకలూరిపేటకును నరసరావుపేటకును చేరువనున్న నాదెండ్ల పేరే. పదునొకండవ శతాబ్దమున చందేలరాజగు కీర్తివర్మ కాలమున వెలసిన ఆ నాటకమున ప్రధానపాత్రలు మనోవృత్తులే: వివేకము, మహామోహము, అహంకారము, శాంతి, శ్రద్ధ, వీరందరకు మూలపురుషుడైన మనస్సు. యుద్ధమున తన సంతానము నశింపగా ఆ శోకము సహింపజాలక చితి ప్రవేశింపనెంచిన మనస్సు కడకు సరస్వతి వచ్చి, మాటలాడి, మరలించు ఘట్టము ఐదవ యంకమున కలదు. ఆమె చేసిన ఉపదేశము వేదాంతమే యైనను, దుఃఖించువాని కడకు మరియొకరు నడచివచ్చి కూర్చుండుట యను క్రియ లేకున్నచో ఆ వేదాంతమునకు అచ్చట పని లేదు.

ఆ నాదెండ్లనుండియే నేడొక బాలిక ఇంటర్మీడియట్ ముగించి, తాను సైకాలజీ చదివెదననినచో, ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న “దానికి ఎంసెట్ ఉందా?” యనునది, రెండవది, గొంతు కొంచెము తగ్గించి, “అంటే పిచ్చోళ్ల డాక్టరా అమ్మా?” యనునది. ఈ ప్రశ్నలను విని నవ్వుట సులభము. కాని ఎంపీసీ, బైపీసీ అను రెండు వాకిళ్లు తప్ప మూడవది కనబడని చోట, నరసరావుపేట చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వెలసియున్న సీమలో, ఈ చదువు ఎచ్చట మొదలై యెచ్చట తేలునో తల్లిదండ్రులకు చెప్పగలవారు లేనప్పుడు, వారి సంశయము మౌఢ్యమని నేననజాలను. మనస్తత్త్వశాస్త్రమును, మానసికారోగ్య శుశ్రూషను ఒకే పట్టాలో జోడించి, మొదటినుండియు రెండింటిని కలిపి నేర్పు చదువు ఇతరదేశముల విశ్వవిద్యాలయములలో కొంతకాలముగా నున్నది. మనకు మాత్రము ఆ రెండును చిరకాలము వేరువేరు ఇండ్లలో పెరిగినవి.

వేరుపాటునకు చరిత్ర కలదు. కలకత్తా విశ్వవిద్యాలయమున 1916లో మనస్తత్త్వశాస్త్రమునకు ప్రత్యేకశాఖ వెలసెను, మైసూరున 1924లో. తెలుగునాట ఈ శాస్త్రము తత్త్వశాస్త్రపు చంకనెక్కి పెరిగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తత్త్వశాస్త్రము నభ్యసించి, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున జె.బి. రైన్ కడ పరిశోధించిన ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు 1967లో వాల్తేరున మనశ్శాస్త్రముతోపాటు అతీంద్రియ మనశ్శాస్త్రమునకును ఒక విభాగమునే నెలకొల్పిరి. భారతీయ మనోవిజ్ఞానమును ప్రపంచము ముందు నిలిపిన ఆయన కృషి సామాన్యమైనది కాదు. అయినను, చూపు అతీంద్రియములమీద నిలిచిన యా దినములలో, నిద్రపట్టక రాత్రియంతయు అరుగుమీద కూర్చున్న రైతు పాఠ్యక్రమమునకు వెలుపలనే యుండిపోయెనేమో యని నాకు తోచును. ఆ రైతును చూచు విద్య వేరొకచోట, ఆస్పత్రిలో పుట్టెను: 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ యేర్పడగా, మరుసటి యేడు వైద్య మనస్తత్త్వశాస్త్రమున శిక్షణ మొదలయ్యెను, ఆ సంస్థయే 1974లో నిమ్హాన్సుగా మారినది. అనగా శాస్త్రమునకు విశ్వవిద్యాలయము, సేవకు ఆస్పత్రి. నడుమ త్రోవ సన్నము.

ఆ సన్నని త్రోవ యిట్టిది. మూడేండ్ల బి.ఏ., రెండేండ్ల ఎం.ఏ. ముగించిన పిదప, 1992 నాటి చట్టముచే నేర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో మరి రెండేండ్లు ఎం.ఫిల్. చేయుటయే క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకొనుటకు ముఖ్యమైన దారి. 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టము సైతము ఆ పదమును ఇట్టి పర్యవేక్షిత శిక్షణ పొందినవారికే నిర్వచించినది. ఐదేండ్లు మనస్సును గూర్చి చదివిన పిమ్మటగాని బాధపడు మనిషి యెదుట కూర్చుండు నవకాశము రాదు. ఆ యవకాశమునకు సీట్లు బహుస్వల్పము. ఇప్పుడీ కట్టడము కదలుచున్నది. నూతన జాతీయ విద్యావిధానము ఎం.ఫిల్.ను రద్దుచేయగా, క్లినికల్ సైకాలజీలో దానికి 2025-26 వరకు మినహాయింపు దొరికినది. దాని స్థానమున క్లినికల్ సైకాలజీలో నాలుగేండ్ల ఆనర్సు పట్టాయు, దానిపై ఎం.ఏ.యు వచ్చుచున్నవి. మొదటినుండియు శాస్త్రమును శుశ్రూషను కలిపి నేర్పవలెనను ఆలోచన మన నేలమీద ఇన్నాళ్లకు కాలు మోపినదన్నమాట.

అదే సమయమున మరియొక తలుపు మూయబడినది. 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ననుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025 జూలై-ఆగస్టు ప్రవేశములనుండి మనస్తత్త్వశాస్త్రమును దూరవిద్యలో గాని ఆన్‌లైనులో గాని బోధింపరాదని శాసించినది. నాదెండ్లవంటి యూళ్లలో బడిపంతులుగిరి చేయుచునో, పెండ్లియై బిడ్డలను సాకుచునో, తపాలాలో పుస్తకములు తెప్పించుకొని ఎం.ఏ. సైకాలజీ వ్రాసినవారికి ఉన్న యొక్క దారి యదియే. రోగిని చూడకయే చికిత్సకుడగుట కూడదను న్యాయము సరియైనదే. నేను దానిని సమర్థింతును. కాని తలుపు మూసినవారు దగ్గరలో మరియొకటి తెరువవలసిన బాధ్యతనుండి తప్పించుకొనజాలరు.

ఇక కలిపి నేర్పుట యనగా నేమి? సోమవారము సిద్ధాంతము, శనివారము ఆస్పత్రి దర్శనము అనునది కలుపుట కాదు. విద్యార్థి మొదట నేర్వవలసినది వినుట. ఊరిలో దిగులు దిగులను పేరుతో రాదు. “తల వేడెక్కినట్టుంటదమ్మా, కాళ్లు లాగేస్తన్నయ్, గుండె దడదడమంటది, అన్నం సయించదు” అని పల్లె యిల్లాలు చెప్పుచుండగా, రక్తపరీక్షలు, సెలైను సీసాలు, బలము సూదులు అన్నియు ముగిసిన తరువాత గాని మనస్సు ప్రసక్తి రాదు. ఆ కాళ్ల లాగుడు వెనుక అప్పు కలదా, ఆడబిడ్డ పోరు కలదా, చనిపోయిన పసిబిడ్డ కలదా యని తెలిసికొనుటకు ప్రశ్నాపత్రము చాలదు. అట్లని ప్రశ్నాపత్రము లేకున్న వట్టి సానుభూతి గురితప్పును. రోగవృత్తాంతము సేకరించుట, మానసికస్థితిని క్రమముగ పరీక్షించుట, ప్రాణాపాయపు టాలోచన కలదేమో సంకోచింపక అడుగుట, ఎప్పుడు వైద్యుని కడకు పంపవలెనో గుర్తించుట, తాను చేసిన ప్రతి సంభాషణను గురువు ముందుంచి తప్పులు దిద్దుకొనుట, ఇవన్నియు చేతిపని వలె చేసిచేసి వచ్చునవి. ఉదాహరణకు, సి.ఎం. భాటియా 1955లో రూపొందించిన ప్రజ్ఞాపరీక్షలలో రంగుదిమ్మెలు పేర్చుట, పలకలు జరుపుట, ఆకృతులు గీయుట మొదలగు పనులు కలవు. చదువురానివారిని సైతము దృష్టియందుంచుకొని చేసిన పరీక్షలవి. ఆ పరీక్షను పుస్తకమున చదివిన విద్యార్థి మార్కులు తెచ్చుకొనును. బడి మానిన పశులకాపరి బాలుని ముందు ఆ దిమ్మెలు పరచిన విద్యార్థి, భయమువలన ఆగిన చేతికిని తెలియక ఆగిన చేతికిని గల భేదమును తెలిసికొనును.

పల్నాటికి ఈ భేదము తెలిసినవారి యవసరము మిక్కుటము. నాగార్జునసాగరు కుడికాలువ నీరు వచ్చిన పిమ్మట ఈ నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప పెరిగినవి, వానితోపాటు పెట్టుబడియు, కౌలును పెరిగినవి. 1997-98లో ప్రత్తి దెబ్బతినినప్పుడు వరంగల్లుతోపాటు గుంటూరు జిల్లాలోను రైతుల బలవన్మరణములు దేశము నెల్ల కదలించినవి. పురుగుమందు చేతికందు దూరమున నుండు సీమలో ఒక్క ఘడియ నిస్పృహ ప్రాణాంతకమగును. దీనికితోడు, పలనాటి పౌరుషమని మనము పాటలు కట్టి పొగడుకొను గుణము మగవానిచేత కన్నీటిని దాపించును. మద్యపుకొట్టు ముందు చెప్పుకొను దుఃఖమును ఆస్పత్రిలో చెప్పుకొనడు. 2015-16 జాతీయ మానసికారోగ్య సర్వే పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారనియు, వారిలో రుగ్మతనుబట్టి 70 నుండి 92 శాతమువరకు చికిత్స అందనివారేయనియు తేల్చెను. ఆ సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో తెలుగు రాష్ట్రమొక్కటియు లేదు. మన దుఃఖమును మనమింకను సరిగా లెక్కించుకొననేలేదు.

అయినను త్రోవ చూపినవారు లేకపోలేదు. అమృత్‌సరు మానసిక చికిత్సాలయమున 1950 దశకములో డాక్టరు విద్యాసాగర్ ఆవరణలో గుడారములు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబములను అచ్చటనే యుంచి, తల్లికి, భార్యకు, అన్నకు సైతము రోగమేమో బోధించెను. గొలుసులు, గోడలు చేయలేని మేలును ఆ గుడారములు చేసినవి. ఆ బోధ యందని చోట ఏమి జరుగునో 2001 ఆగస్టు 6న తమిళనాట యెర్వాడిలో గొలుసులతో బంధింపబడి అగ్నికి ఆహుతియైన 28 మంది రోగుల మరణము చెప్పినది. తెలుగువారు అధికముగ నివసించు బళ్లారి జిల్లాలో 1980 దశకమున నిమ్హాన్సు పల్లెవైద్యులకు శిక్షణనిచ్చి చేసిన ప్రయోగమే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమమైనది. తొలుత ఎన్నుకొనిన నాలుగు జిల్లాలలో మన మెదకు ఒకటి. ఇటీవల పశ్చిమగోదావరి గ్రామములలో జార్జి ఇన్‌స్టిట్యూట్‌వారు ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లిచ్చి, ఇంటింట దిగులును ఆందోళనను కనుగొనజేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో వారిని కలిపిరి. గ్రామములో దీనిని గూర్చిన సిగ్గును పోగొట్టుటకు ప్రచారమును చేసిరి. మన భాషలో, మన ఆశా అక్కల నోట సాగిన ఈ పని, విదేశపు పాఠ్యగ్రంథముకంటె నాదెండ్ల విద్యార్థికి మేలైన పాఠము. జోడుపట్టా చదివినవారు చేయవలసినది ఆశా కార్యకర్త పనికాదు. ఆమె కనుగొనిన వారిలో మాత్రలు చాలని వారితో వారమువారము కూర్చుండుట, ఆమెకే భారమైనప్పుడు ఆమె మాట వినుట. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్, 14416 సంఖ్యకు ఫోను చేసినవారికి తెలుగులోను పలుకుచున్నది. ఫోను పెట్టేసిన తరువాత ఎదురుగా కూర్చుండు మనిషి మాత్రము ఊరికి దగ్గరలో నుండవలెను.

కావున ఈ జోడుపట్టాను మన జిల్లాలో నెలకొల్పదలచువారికి ఒక్క మనవి. విద్యార్థుల అభ్యాసమును గుంటూరు పెద్దాస్పత్రి వార్డుతో ముగింపక, పల్నాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఒక పూర్తి సంవత్సరము నడపవలెను. పర్యవేక్షకుడు నెలకొకసారి సంతకము చేయువాడు గాక, వారమునకొకసారి కూర్చుండి వినువాడు కావలెను. కాలపట్టికను కళాశాల సెమిస్టరునుబట్టి గాక పంటనుబట్టి వేయవలెను. మిరపకోతలు సాగు నెలలలో ప్రొద్దు పొడిచినది మొదలు కళ్లములలోను చేలలోను తప్ప ఇండ్లలో మనుష్యులుండరు. పగటిపూట నడచు కేంద్రమునకు కూలి మానుకొని ఎవ్వరును రారు. ఆ నెలలలో విద్యార్థులు సాయంకాలము ఆరుగంటల తరువాత, స్నానములై వంటలు పొయ్యిమీదనుండగా వీధులలోనికి పోవలెను. ఆ పనిగంటలకు హాజరు వేయుటకు విశ్వవిద్యాలయపు నిబంధనావళిలో ఒక గడి వ్రాయించవలెను.