ఫార్మాట్ కొట్టే ముందు పాత కెర్నల్‌ను అడగండి

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణంలో కంప్యూటరు ఆగితే పని మొత్తం ఆగినట్టే. ఒకప్పుడు కాతిబులు కలం పట్టి రాసిన ఉర్దూ అక్షరాలు ఇప్పుడు తెరమీదే తయారవుతున్నాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన డిజైన్లు, రేపివ్వాల్సిన ఆర్డర్లు అన్నీ ఆ హార్డ్‌డిస్కులోనే ఉంటాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్లకు ఉబుంటు, మింట్ వంటి లినక్సులు మంచి దారే.

కానీ ఒకరోజు అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేస్తే మిషన్ లోగో దగ్గరే బిగుసుకుపోవచ్చు. వెంటనే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేయండి" అంటారు. దయచేసి ఆ మాట వినకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వికటించి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు కూలబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చివరికి చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, పాడైన ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయింది. లినక్సులోనూ ఇలాంటప్పుడు మీ ఫైళ్లు సాధారణంగా భద్రంగానే ఉంటాయి.

పైగా అప్‌డేట్ కొత్త కెర్నల్‌ను తెచ్చినా, పాతదాన్ని వెంటనే చెరపదు. హార్డ్‌వేర్‌ను నడిపించేది ఈ కెర్నలే. దానికీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ, ముఖ్యంగా ఎన్విడియా కార్డున్నచోట, పొత్తు కుదరకపోతే తెరమీద బొమ్మ రాదు.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. మళ్లీ ఆన్ చేసి, కంపెనీ లోగో కనబడగానే ఎస్కేప్ మీట నొక్కండి. బాగా పాత మిషనైతే షిఫ్ట్ నొక్కిపట్టాలి. గ్రబ్ మెనూ వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరిస్తే కెర్నళ్లు నంబర్లతో కనబడతాయి. రికవరీ అని లేని వాటిలో రెండోదాన్ని ఎంచుకోండి. తెరుచుకుంటే తప్పు కొత్త కెర్నల్‌దో, దాని డ్రైవర్‌దో. ముందు డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, తర్వాత ఆర్డర్ పని చూసుకోండి.

పాతదీ ఆగిపోతే, అదే వరుస మీద 'ఈ' మీట నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే వాక్యంలో 'క్వైట్ స్ప్లాష్' చెరిపి, 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. దేనికీ హాని లేదు. బొమ్మ వస్తే గ్రాఫిక్స్ డ్రైవరే కారణమని దాదాపు తేలినట్టే. రాకపోతే తెరమీద పరుగెత్తే అక్షరాలు ఎక్కడ ఆగాయో ఫోనుతో ఫొటో తీయండి. బాగుచేసే మనిషికి ఆ చివరి నాలుగు వరుసలే అసలు ఆధారం.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందా? అయితే ప్యాకేజీలు సగంలో ఆగి ఉంటాయి. అదే గ్రబ్ మెనూ నుంచి రికవరీ మోడ్‌లోకి వెళ్తే 'ఎఫ్‌ఎస్‌సీకే' డిస్కును సరిచూస్తుంది, 'క్లీన్' జాగా ఖాళీ చేస్తుంది, 'డీపీకేజీ' సగంలో ఆగినవాటిని పూర్తిచేస్తుంది. ఆ వరుసలోనే వెళ్లండి. జాగా విషయం చాలామంది పట్టించుకోరు. బూట్ విభాగం నిండిపోతే కొత్త కెర్నల్‌కు కావాల్సిన ఫైలు తయారుకాక, 'కెర్నల్ పానిక్' అని మొండికేస్తుంది.

ఇవేవీ పనిచేయకపోయినా, ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో మిషన్ తెరిచి, 'ట్రై ఉబుంటు' ఎంచుకుని ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. డిస్కుకు తాళం వేసి ఉంటే పాస్‌వర్డ్ గుర్తుండాలి, అంతే. ఇకమీదట పెళ్లిళ్ల సీజన్‌లో అప్‌డేట్ వేయాల్సివస్తే, యూపీఎస్ ఛార్జింగ్ చూసుకుని, డెలివరీలు లేని రోజున వేయండి.