వేదాంత పట్టాలకు విదేశాలలో గుర్తింపు: ఆదోని, ఎమ్మిగనూరు సంఘాల దృష్టితో ఒక పరిశీలన

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత సంఘాలలో మగ్గం మీద బ్రతికే కుటుంబాలు, వర్షాలు లేని ఏట సుగ్గికి గుంటూరు వైపు వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఇంటి నుండి ఒక బిడ్డ వేదాంత కళాశాలకు వచ్చినప్పుడు ఆ ఫీజు వెనుక ఎంత కష్టం ఉందో కాపరులకు తెలియనిది కాదు. చదువు ముగిశాక ఆ విద్యార్థి అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఈ పట్టా విదేశంలో చెల్లుతుందా? దీనికి అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పలేము. గుర్తింపు అనే మాట మూడు వేర్వేరు విషయాలను సూచిస్తుంది. వాటిని కలిపివేయడం వల్లనే నష్టం జరుగుతోంది.

1. చట్టం ఇచ్చే గుర్తింపు

యు.జి.సి. చట్టం, 1956లోని 22వ సెక్షను ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే డిగ్రీలు ప్రదానం చేసే హక్కు ఉంది. 1818లో స్థాపితమైన సెరంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు చార్టరు ఇచ్చాడు. 1918లో బెంగాలు శాసనసభ చేసిన సెరంపూరు కళాశాల చట్టం ఆ అధికారాన్ని స్థిరపరచింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి అనుబంధ కళాశాలల విద్యార్థులకు బి.డి. పట్టా ఇచ్చేది ఈ సెరంపూరు సెనేటే.

2. నాణ్యతకు గుర్తింపు

1970లో ఏర్పడిన ఏషియా థియలాజికల్ అసోసియేషన్ అధ్యాపకులను, గ్రంథాలయాన్ని, పాఠ్యక్రమాన్ని పరిశీలించి కళాశాలలకు అక్రెడిటేషన్ ఇస్తుంది. ఇది విలువైనదే. అయితే ఇది ప్రభుత్వ చట్టం ఇచ్చే అధికారం కాదు. ఆఫ్రికాలోని వేదాంత కళాశాలలకూ ఇదే సమస్య ఉంది. అక్కడ 1976 నుండి ఆక్టియా అనే సంస్థ ఇటువంటి పరిశీలనే చేస్తోంది. ఆఫ్రికా దేశాలు ఒకరి డిగ్రీలను మరొకరు గుర్తించుకొనేందుకు 2014లో చేసుకొన్న అడిస్ అబాబా ఒడంబడిక 2019లో అమలులోకి వచ్చింది. కాని అది ఆయా ప్రభుత్వాలు గుర్తించిన చదువులకు వర్తించేది. సంఘ సంస్థల అక్రెడిటేషన్ ఒక్కటే ఉన్న కళాశాలకు దానివల్ల దానంతట మేలు కలగదు.

3. సంఘం ఇచ్చే గుర్తింపు

అభిషేకం పొందిన సేవకుని సంఘం గుర్తిస్తుంది. అమెరికా మతసేవకులకిచ్చే ఆర్-1 వీసాకు దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్ళు అదే డినామినేషనులో సభ్యత్వం ఉండాలి. పాదిరి అయితే ఆ డినామినేషను నియమాల ప్రకారం అర్హుడై ఉండాలి. ఇక్కడ పట్టా కంటే సంఘ రికార్డులకే ఎక్కువ పని.

4. ఏ అవసరానికి ఏది?

పై చదువుకైతే ప్రవేశాన్ని నిర్ణయించేది ఆ విదేశీ కళాశాలే. అక్రెడిటేషన్ ఉన్న పట్టాను కొన్ని సెమినరీలు అంగీకరిస్తాయి, విశ్వవిద్యాలయాలు అంగీకరించకపోవచ్చు. కెనడాకు నిపుణులుగా వలస వెళ్ళేవారు విదేశీ చదువుకు పాయింట్లు పొందాలంటే, డబ్ల్యూ.ఇ.ఎస్. వంటి అనుమతి పొందిన సంస్థచే దానిని మదింపు చేయించాలి. ఆ నివేదిక ఐదేళ్ళ లోపుదై ఉండాలి. అది ఉద్యోగానికి హామీ కాదు.

డిగ్రీ ధ్రువపత్రాలు సాధారణంగా రాష్ట్ర విద్యాధికారుల ధ్రువీకరణ పొంది, విదేశాంగ శాఖ అపోస్టిల్‌కు వెళ్తాయి. ట్రాన్స్‌క్రిప్టును పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయమే పంపాలి. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకు ముందు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పట్టాతో బి.ఏ. ముగించిన ఆదోని వారు అనంతపురానికే దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. పదవ తరగతి పత్రంలో ఒక పేరు, బాప్తిస్మపు పేరుతో పాస్‌పోర్టు మరొకటి ఉంటే ముందుగానే సరిచేసుకోవడం మంచిది.

5. కాపరుల బాధ్యత

అపొల్లో అకయకు వెళ్ళగోరినప్పుడు ఎఫెసు సహోదరులు అతని కొరకు ఉత్తరం వ్రాశారు (అపొ. 18:27). మనం వ్రాసే సిఫారసు కూడా అటువంటి సాక్ష్యమే. ఆదోని పత్తి మార్కెట్టులో తూకం తప్పితే రైతు నష్టపోతాడు. చట్టబద్ధం కాని పట్టాను చట్టబద్ధమైనదని చెబితే మన విశ్వాసి బిడ్డ నష్టపోతాడు. సామెతలు 11:1 ఈ రెండింటికీ వర్తిస్తుంది. చదువు లేకుండా సొమ్ముకు దొరికే గౌరవ డాక్టరేట్లను పేరుకు ముందు పెట్టుకొనే కాపరి తన యువకులకు ఈ మాట బోధించలేడు.

కావున ఫీజు కట్టక ముందే కళాశాలను మూడు ప్రశ్నలు అడగాలి. పట్టా మీద సంతకం చేసేది ఎవరు? ఏ చట్టం ప్రకారం? మునుపటి విద్యార్థులు ఆ పట్టాతో ఎక్కడ ప్రవేశం పొందారు? జవాబులు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. చట్టబద్ధత లేని కోర్సు కూడా గ్రామ సంఘ సేవకు చక్కగా సిద్ధపరచవచ్చు. ఆ సేవకే పంపుతున్నామని తెలిసి పంపితే ఎవరికీ మోసం ఉండదు.