డీజే విద్య – రెండవ తెర

సోదరీమణులారా! వివాహమైనను, నిశ్చితార్థమైనను, పుట్టినరోజు పండుగయైనను నేడు డీజే లేక జరుగుట అరుదు. ఆ ధ్వనికి చెవులు మూసికొను పెద్దలు మన యిండ్లలో నున్నట్లే, దానిని వృత్తిగా నవలంబింపగోరు పిల్లలును మన యిండ్లలోనే యున్నారు. ల్యాప్‌టాప్ కావలెను, దానికి తోడుగా రెండవ మానిటర్ కావలెను, సాఫ్ట్‌వేర్ కొనవలెనని వారడుగునప్పుడు, ఇంటి వ్యయము చూచుకొను మనము ఆ వస్తువుల గుణదోషములు తెలిసికొనవలదా? తెలియని దానికి సరేయనుటయు, తెలియని దానిని వలదనుటయు రెండును తొందరపాటే.

ఈ విద్య పుట్టుకలోనే ఇంటి లెక్క తెలిసిన యొక ఆడపిల్ల చేయి కలదు. 1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీని అమెరికాలో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున జరిగిన యొక విందును హిప్ హాప్ సంగీతమునకు జన్మదినముగా చెప్పుదురు. పాఠశాల తెరచునప్పటికి క్రొత్త బట్టలు కొనుటకై ధనము కూర్చుకొనవలెనని సిండీ కాంప్‌బెల్ అను బాలిక ప్రవేశ రుసుము పెట్టి ఆ విందును జరిపెను. అందు రికార్డులు వాయించినవాడు డీజే కూల్ హెర్క్ అని ప్రసిద్ధుడైన ఆమె యన్న. ఒకే పాటగల రెండు రికార్డులను రెండు యంత్రములపై నుంచి, నాట్యమున కనువైన వాద్యభాగమును మరల మరల వచ్చునట్లు చేయుటచే నాతడు కీర్తి గడించెను. ఆ రెండు యంత్రములే నేడు ల్యాప్‌టాప్ తెరమీద రెండు బొమ్మలై కూర్చున్నవి.

ఇందలి పని శ్రుతిలయలు తెలిసిన మనకు దురవగాహము కాదు. ఒక పాట నిమిషమునకు 100 దెబ్బల వేగమున నడచుచుండగా, తరువాతి పాట 105 దెబ్బలది యనుకొందము. మొదటి దానిని నూటికి 5 వంతులు త్వరపెట్టినచో రెండింటి లయ కలియును. అయితే వేగము పెరిగినకొలది శ్రుతియు పైకి పోవును. శ్రుతిని కదలనీయక లయను మాత్రమే మార్చు నేర్పు సాఫ్ట్‌వేర్‌కు కలదు. ఏ పాట కేది తోడుగా నిలుచునో, సభ నెప్పుడు వేగిరపరచవలెనో, ఎప్పుడు నెమ్మదింపజేయవలెనో నిర్ణయించుట మాత్రము మనుష్యుల వివేకమే.

మేమెరిగిన యొక తల్లి, పట్టపరీక్ష ముగించిన తన కుమార్తె యీ విద్య నభ్యసింపగోరగా, చేతి గాజులు కుదువబెట్టి సమస్తమును ఒక్కమారే కొనుటకు సిద్ధపడెను. పిల్ల వ్రాసికొన్న పట్టికలో రెండవ మానిటర్ మొదటి వరుసలో నుండెను. మేమును వారును కూర్చుండి ఒక్కొక్క వస్తువే విచారించితిమి. ఆ విచారణయే యిక్కడ చెప్పుచున్నాము.

మొదట సాఫ్ట్‌వేర్. మిక్స్ అనునది వెల లేనిది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటియందును నడచును. అభ్యాసమునకు దానికంటె చౌక యేముండును? సెరాటో తానంగీకరించిన యంత్రములు తోడున్నప్పుడే తన శక్తినంతయు చూపును. క్లబ్బులలో నుండు పయొనీర్ యంత్రములపై వాయింపదలచినవారు రికార్డ్‌బాక్స్‌తో పాటలను సిద్ధము చేసికొని చిన్న యూఎస్‌బీ కడ్డీలో తీసికొనిపోవుదురు. ట్రాక్టర్, వర్చువల్ డీజే అనునవియు ప్రసిద్ధములే. వీనిలో నేది గొప్పదని యడుగుటకంటె నాలుగు ప్రశ్నలడుగుట మేలు. మన ల్యాప్‌టాప్‌పై నిది నడచునా? మన కొనదలచిన యంత్రమును గుర్తించునా? వెల ఒక్కసారి యిచ్చుటయా, నెలనెల చెల్లించుటయా? ఇంటర్నెట్టు లేనిచోట కూడ పాట పలుకునా? కల్యాణమండపమున సిగ్నల్ అందనప్పుడు, పాటలన్నియు ఇంటర్నెట్టుపైననే ఆధారపడియున్నచో వధూవరుల యెదుట మౌనమే మిగులును. కావున ముఖ్యమైన పాటలు ల్యాప్‌టాప్‌లోనే దాచుకొనవలెను.

ఇక రెండవ తెర. దాని యుపయోగము లేకపోలేదు. ఒక తెరపై పాటల తరంగచిత్రములును, మరియొకదానిపై పాటల పట్టికయు, వివాహ కార్యక్రమపు వరుసయు నుంచుకొనవచ్చును. వేలకొలది పాటలను వర్గములుగా సర్దుకొనునప్పుడు పెద్ద తెర కన్నుల శ్రమ తగ్గించును. కాని పెక్కు డీజే సాఫ్ట్‌వేర్లు తమ సర్వస్వమును ఒక్క కిటికీలోనే చూపును. దానిని రెండుగా చీల్చి రెండు తెరలకు పంచుట యన్నిటను సాధ్యము కాదు. ఆ సౌకర్యము కలదో లేదో ముందుగా పరీక్షించి చూడక మానిటర్ కొనరాదు.

పరీక్షకు క్రొత్త మానిటరే యక్కరలేదు. హెచ్‌డీఎంఐ ద్వారముగల ఇంటి టీవీ చాలును. తీగ తగిలించి, విండోస్ గుర్తుగల మీటను, పీ అక్షరమును కలిపి నొక్కి, ఎక్స్‌టెండ్ అనుదానిని ఎన్నుకొనవలెను. ఇక్కడ నొక చిక్కు కలదు. తీగ తగిలించినంతనే ధ్వని కూడ ల్యాప్‌టాప్‌ను విడిచి టీవీలోనికి పోవచ్చును. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ధ్వని యెటు పోవలెనో మరల నిర్దేశింపవలెను. యూఎస్‌బీ-సీ ద్వారములన్నియు చిత్రమును పంపజాలవని కూడ గుర్తుంచుకొనుడు. పాత ల్యాప్‌టాప్ రెండు తెరల భారమున అలసి ధ్వనిని తెంపితెంపి వినిపించినచో, రెండవ తెరను తీసివేయుటయే ఉత్తమము. సభయందు డీజే కన్ను తెరలపైకంటె జనముపైన నుండవలెను గదా!

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది: రెండవ తెరకంటె ముందు రెండవ ధ్వనిమార్గము కావలెను. సభకు వినబడు పాట యొకటి; హెడ్‌ఫోన్‌లో డీజే ముందుగా విని సిద్ధపరచుకొను పాట మరియొకటి. సామాన్యమైన ల్యాప్‌టాప్ ఈ రెండింటిని వేర్వేరుగా పంపజాలదు. రెండు ధ్వనిమార్గములు తనలోనే గల చిన్న కంట్రోలర్ ఆ కొరత తీర్చును. ఇది లేక తెరలెన్ని యున్నను డీజే గుడ్డిగా పాట మార్చవలసినదే. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఆ తల్లి పట్టికలోని వరుస మారెను. మొదట వెల లేని సాఫ్ట్‌వేర్, ఇంటి టీవీ. మూడు నెలల యభ్యాసము పిమ్మట పిల్ల ట్యూషన్ల ధనముతో చిన్న కంట్రోలర్. గాజులు ఆమె చేతినే యున్నవి.

చెవుల మాటయు మరువరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్‌లైనచో 4 గంటలు మాత్రమే. డీజే చెవి యామె పనిముట్టు. అది చెడినచో మరియొకటి కొన దొరకదు. మన దేశమున 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ల వాడుకను సామాన్యముగా నిషేధించుచున్నవి. ప్రక్కయింటి పసిబిడ్డ నిద్రయు, వృద్ధుల గుండెయు మన సంతోషమునకు బలికారాదు.

సోదరీమణులారా! మన పిల్ల యీ విద్య నడిగినచో నవ్వి త్రోసివేయకుడు. ఉన్నదంతయు అమ్మి యొక్కమారే సమకూర్పకుడు. ఒక సాయంకాలము ఆమె ప్రక్కన కూర్చుండి, రెండు పాటలు కలుపుమని చెప్పి వినుడు. లయ తప్పినచోట మీ చెవియే చెప్పును. ఏ వస్తువు కావలెనో ఆ తప్పే తెలుపును.