నూనెగింజల రైతు వంటింట నూనె ఏది?

అనంతపురము మెట్టలలో వేరుసెనగ పండించు రైతు కాయలను యార్డుకు తోలి, తిరిగివచ్చునపుడు పామాయిలు ప్యాకెట్టు కొని తెచ్చుకొనుట నేడు సర్వసాధారణము. వెల తక్కువ గనుక అట్లు చేయుచున్నారు. తప్పు పట్టుటకు లేదు. కాని ఆ బేరములో గుండె లెక్క కూడ ఒకటి కలదు.

కొలెస్టరాలు అనునది మైనము వంటి పదార్థము. అది శత్రువు కాదు. పైత్యరసమునకు, జీవకణముల గోడలకు కావలసినదే గనుక కాలేయము దానిని స్వయముగా తయారు చేయును. రక్తములో మితిమీరినచో మాత్రము గుండెకు రక్తము తెచ్చు నాళముల గోడలలో పేరుకొని, పూడిక పట్టిన పంటకాలువవలె దారిని ఇరుకు చేయును. కాలువ పూడినచో చేను వాడుట కంటికి కనబడును. ఇక్కడ అట్లు కాదు. పలువురకు మొదటి సూచనయే గుండెపోటు. అందుచేత నలువది ఏండ్లు దాటినవారు వైద్యుని అడిగి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

"కొలెస్టరాలు లేని నూనె" అని ప్యాకెట్టుపై అచ్చువేసినందుకు మురిసిపోనక్కరలేదు. మొక్కలనుండి వచ్చు ఏ నూనెయందును అది చెప్పుకోదగినంత ఉండదు. చూడవలసినది సంతృప్త కొవ్వు. ఇది ఎక్కువైనపుడు చెడు కొలెస్టరాలును రక్తమునుండి తీసివేయు పనిలో కాలేయము మందగించును. పామాయిలులో ఇది ఇంచుమించు సగము, నేతిలో అంతకు మించి, కొబ్బరినూనెలో నూటికి 90 వరకు ఉండును. వేరుసెనగ నూనెలో అయిదవ వంతుకు మించదు. నువ్వుల నూనెలో నూటికి సుమారు 15, కుసుమ నూనెలో సుమారు 10. వనస్పతిలోని ట్రాన్సు కొవ్వు వీటన్నింటికంటె చెడ్డది. 2022 జనవరి నుండి నూనెలలో, కొవ్వులలో అది నూటికి 2 మించరాదని మన దేశమున నిబంధన ఏర్పడినది.

మంచి నూనెయని గరిటెలతో పోయుట కూడదు. మనిషికి రోజుకు 25 గ్రాములు చాలును. నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు. మీ ఇంట నెలకు ఎంత ఖర్చగుచున్నదో ఇల్లాలిని అడిగి చూడుడు.

ఇక పీచు సంగతి. ఉలవలు, మెంతులు, జొన్నలు, కందులు, బెండకాయలు మనకు క్రొత్తవి కావు. వీనిలో నీట కరగు పీచు ప్రేగులలో జిగురుగా మారి పైత్యరసమును పట్టుకొని బయటకు పంపివేయును. మరల పైత్యరసము చేయుటకై కాలేయము రక్తములోని కొలెస్టరాలును వాడుకొనును. మెంతుల గుణమును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పరిశోధించి చూచినారు. ఉలవలు ఎద్దులకు, పాలిషు బియ్యము మనకు అను పద్ధతిలో ఎద్దులే లాభపడినవని చెప్పక తప్పదు! ఉలవచారుతో పాటు ఉడికిన గింజలను కూడ తినుడు.

వరి తవుడులోను మంచి నూనె కలదు. కాని బియ్యము ఆడించిన కొద్ది గంటలలోనే తవుడు ముక్కిపోవ మొదలిడును గనుక ఆ నూనె తీయుట ఫ్యాక్టరీల పని.

ఆహారము మార్చితిమని వైద్యుడిచ్చిన మాత్రలను మానరాదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పు రక్తపోటును పెంచును. నాగలి వెంట నడచిన తాతల తిండిని ట్రాక్టరుపై కూర్చుండి తినుచున్నామని మరువరాదు.

వేరుసెనగ రైతులకు ఒక లెక్క. ఏడాదికి 36 కిలోల నూనె కావలెను. గానుగలో నూటికి 40 వంతున దిగినచో 90 కిలోల పప్పు, అనగా సుమారు 130 కిలోల కాయ. యార్డుకు తోలుటకు ముందే దీనిని విడిగా తీసి, బాగుగ ఎండబెట్టి, తేమ తగులని చోట నిలువచేయుడు. ఆడించునపుడు బూజు పట్టినవి, ముడుచుకొనినవి, రంగు మారినవి ఏరి పారవేయుడు. వానిలోని అఫ్లటాక్సిను అను విషము కాలేయమును చెరచును. గానుగ నూనెలోనికి అది కొంత దిగును. ఏరివేసిన గింజలను పశువులకును పెట్టరాదు.