చలి ముదరకముందే గోడలు భద్రం
తుపాను వానల తేమ ఆరకుంటే ముప్పు.. మన్యంలో కార్తీకమే మరమ్మతులకు అదను

చింతపల్లి: అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు, ఆ వెంటనే డిసెంబరు, జనవరి నెలల్లో వణికించే చలి. మన్యంలోని ఇళ్ల గోడలకు ఈ నాలుగు నెలలూ పరీక్షా కాలమే. వానకు తడిసిన గోడ ఆరకముందే చలి ప్రవేశిస్తే ఆ తేమ నెలల తరబడి లోపలే నిలిచిపోతుంది. పూత రాలుతుంది, గోడలకు బూజు పడుతుంది. ఆ గదుల్లో నిద్రించే పసిపిల్లలు, వృద్ధులు దగ్గు, ఆయాసాలతో బాధపడవలసి వస్తుంది. వానలు వెలిశాక లభించే పొడి ఎండను మరమ్మతులకు వినియోగించుకోవడమే దీనికి విరుగుడు.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు చలికి పేరొందినవి. కొర్రబయలు అని కూడా పిలిచే లంబసింగిలో కొన్ని సంవత్సరాలలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సమీపానికి పడిపోయింది.

నీరు చేరే దారులు మూడు
పిట్టగోడ పైభాగం, చూరు నుంచి నీరు కిందికి దిగుతుంది. బీటల గుండా పక్కల నుంచి ప్రవేశిస్తుంది. పునాది వద్ద నిలిచిన నీటిని ఇటుక పైకి పీల్చుకుంటుంది. భారత ప్రమాణాల ప్రకారం సాధారణ ఇటుక తన బరువులో 20 శాతం వరకు నీటిని పీల్చవచ్చు. అనగా మూడు కిలోల ఇటుకలో 600 గ్రాముల నీరు దాగి ఉండగలదు. నీరు గడ్డ కట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. హిమాలయ ప్రాంతాల్లో ఇటుకలు పగలడానికి ఇదే కారణం. మన్యంలో గోడ లోపల నీరు గడ్డ కట్టడం అరుదే అయినా, తడి గోడ పొడి గోడకంటే త్వరగా ఇంటి వేడిని బయటకు పోగొడుతుంది.

ముందుగా చూడవలసినవి
* పునాది చుట్టూ నీరు నిలవకుండా నేలను ఇంటి నుంచి బయటకు వాలుగా సరిచేయాలి. గోడకు ఆనించిన మట్టి, కట్టెల మోపులు తొలగించాలి.
* గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీసివేయాలి.
* పూతను వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ భాగాన్ని చెక్కివేయాలి.
* బీట రెండు కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ రాయాలి. కొన్ని వారాల్లో గీత దాటి పెరిగితే పునాది కుంగుతున్నట్లు అనుమానించి ఇంజినీరుకు చూపాలి. అట్టి బీటను పైపైన పూయడం వృథా.

సందులు పూడ్చే విధానం
ఇటుకల మధ్య పొడిగా రాలుతున్న పాత మాలును సుమారు రెండు సెంటీమీటర్ల లోతు వరకు గీకాలి. దుమ్ము దులిపి, సందును తడిపి, కొత్త మాలును తాపీతో గట్టిగా అదమాలి. తడపకుండా పూడిస్తే పాత ఇటుక కొత్త మాలులోని నీటిని లాగేసుకుంటుంది. అప్పుడు మాలు పట్టు కోల్పోయి ఊడిపోతుంది.

మట్టిగోడలకు సిమెంటు పూత మేలు చేయదు. సిమెంటు వెనుక తేమ చిక్కుకుని, కొంత కాలానికి పూత పెచ్చులుగా ఊడుతుంది. మట్టి, గడ్డి, పేడ కలిపిన పూత లేదా సున్నం తేమను బయటకు పోనిస్తాయి.

కొత్త గోడలు కట్టేవారికి
ప్రభుత్వ గృహ పథకాల బిల్లులు దశలవారీగా వస్తాయి గనుక చలిలోనే గోడలు లేపాలని లబ్ధిదారులు తొందరపడటం సహజం. అయితే 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో సిమెంటు గట్టిపడటం బాగా మందగిస్తుంది. గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, అంతకు తక్కువ ఉన్నప్పటి కాంక్రీటు పనికి భారత ప్రమాణాలు ప్రత్యేక జాగ్రత్తలు సూచించాయి. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు చలిలో మరింత నిదానం.

అందువల్ల ఎండ వచ్చిన తర్వాతనే పని ప్రారంభించి, మధ్యాహ్నం మూడు గంటలలోపు ముగించడం మంచిది. కొత్త గోడను రాత్రి గోనె సంచులు, టార్పాలిన్‌తో కప్పాలి. క్యూరింగ్ నీటిని సాయంత్రం కాక ఎండ ఎక్కిన తర్వాత పెట్టాలి. పీపీసీ వాడితే కనీసం 10 రోజులు తడపాలి. త్వరగా గట్టిపడుతుందని మాలులో ఉప్పు కలపరాదు. అది ఇనుమును తుప్పు పట్టిస్తుంది, గోడకు చెమ్మను తెస్తుంది. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు కింది ఊతాలకు చెప్పే ఏడు రోజుల గడువు 15 డిగ్రీలకు తగ్గని వాతావరణానికి ఉద్దేశించినది. మన్యం చలిలో అంతకంటే ఎక్కువ రోజులు ఉంచవలసిందే.

గాలి దారులు మూయరాదు
బీటలు పూడ్చినా కిటికీ పైభాగాన, చూరు వద్ద గాలి వెళ్లే సందులను వదలాలి. చలికి జడిసి అన్నీ మూసి, గదిలో నిప్పుల కుంపటి ఉంచుకుని నిద్రిస్తే బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. దానికి రంగు, వాసన లేనందున నిద్రలో ఉన్నవారికి తెలియదు. పడుకునే ముందే కుంపటిని ఆరుబయట ఉంచాలి.