అరువు గొడ్డలి

ఎలీషా ప్రవక్త శిష్యులకు ఉన్న చోటు ఇరుకైంది. కొత్త నివాసం కట్టుకోవాలని యొర్దాను ఒడ్డున చెట్లు నరుకుతుంటే, ఒకరి గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. ఆ శిష్యుడు గొల్లుమన్నాడు. అది అరువు గొడ్డలి మరి! (2 రాజులు 6:1-7). ఇనుము ఖరీదైన ఆ రోజుల్లో దాని బాకీ తీర్చడం పేదవానికి తలకు మించిన భారం.

ఆ బాధ మన యువరైతుకు బాగా తెలుసు. 2019 నాటి జాతీయ గణాంక కార్యాలయం సర్వే ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉంటే, తెలంగాణలో 91.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో కుటుంబానికి సగటు అప్పు దాదాపు రూ.2.45 లక్షలు. ఇవన్నీ ట్రాక్టరు అప్పులు కావు. కానీ ఇప్పటికే వంగిన భుజం మీద కొత్త ట్రాక్టరు కిస్తీ కూడా పడితే? వాన రాకున్నా కిస్తీ గడువు వస్తుంది.

అందుకే పాత ట్రాక్టరు కొనుక్కునే యువకుడు తెలివైనవాడు. అయితే మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లాలి. చల్లటి ఇంజన్ సులువుగా స్టార్టవుతోందా? నీలిపొగ వస్తోందా? వస్తే అది ఆయిల్ తాగుతున్నట్టే. హైడ్రాలిక్ లిఫ్టు ఎత్తిన బరువును నిలబెడుతోందా? ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే బాకీ తీరినట్టు నిరభ్యంతర పత్రం అడగాలి. లేకుంటే పరాయివాని అప్పు మన గుమ్మమెక్కుతుంది. రెండు మూడెకరాల రైతుకైతే అద్దె ట్రాక్టరే మేలు. గోపురం కట్టేవాడు ముందే కూర్చుని ఖర్చు లెక్కించుకోవాలని యేసుప్రభువు నేర్పింది ఈ వివేకాన్నే (లూకా 14:28).

సంఘాలకూ ఇందులో పాఠముంది. కొత్త బండికి పూలదండ వేసి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తాం, సాక్ష్యం చెప్పిస్తాం. దాని వెనుక ఎంత అప్పుందో అడగం. పాత ట్రాక్టరు తెచ్చుకున్న యువకునికీ అంతే సంతోషంగా ప్రార్థన చేస్తే, పదిమందిలో చిన్నతనమని అప్పు చేసేవారు కొందరైనా ఆగుతారు. ఇప్పటికే అప్పుల్లో ఉన్నవారిని నిందించకుండా అక్కున చేర్చుకోవాలి. ఎలీషా ఆ శిష్యుణ్ని మందలించలేదు, ఎక్కడ పడిందని మాత్రమే అడిగాడు.

ఇనుమును తేలజేసిన దేవునికి పేదవాని అప్పు చిన్న విషయం కాదు. అయితే తేలిన గొడ్డలిని చెయ్యి చాపి అందుకోవలసింది ఆ శిష్యుడే. అద్భుతం దేవునిది, జాగ్రత్త మనది. కిస్తీ భయం లేకుండా కంటినిండా నిద్రపోయే రైతు ఇల్లు కూడా దేవుని ఆశీర్వాదమే!